సీబీఏ ఛాంపియన్ల జాబితాలో 2001 ఎందుకు ఖాళీగా ఉంది?

హన్మకొండ పోరడు:

అందరికీ నమస్తే. మా కాలేజీ బాస్కెట్‌బాల్ గ్రూపులో ప్రతి ఆదివారం నేనే క్విజ్ పెడతాను. అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏ ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చేశాయి. అందుకని ఈసారి అమెరికాలోని పాత చిన్న లీగ్ కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్, అంటే సీబీఏ, పట్టుకున్నాను. ఛాంపియన్ల జాబితా చూస్తుంటే తల తిరుగుతోంది. 2001 ఎదురుగా ఎవరి పేరూ లేదు. 1985, 86లో టాంపా బే థ్రిల్లర్స్, 87లో ర్యాపిడ్ సిటీ థ్రిల్లర్స్ అని ఉంది. ఇవి ఒకటేనా, రెండా? అసలు ఈ లీగ్‌లో అన్నిటికన్నా గొప్ప జట్టు ఏదని రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి హూప్స్:

తమ్మీ, నువ్వడిగేది మన దేశంలో పెట్టిన లీగ్ యూబీఏ కాదు కదా? మన హైదరాబాద్ స్కై ఆడింది అందులోనే, 2015లో మొదలైంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని అడిగాను. సీబీఏ గురించి నాకు సున్నా. కాకినాడ బాబాయ్‌కి తెలియాలి, ఆయన అక్కడ చదువుకున్నారు.

కాకినాడ బాబాయ్:

పిలిచారు కాబట్టి వచ్చాను, కాస్త పెద్దగానే రాస్తాను. ఓపిక ఉంటే చదువు నాయనా.

1987-88లో నేను ఆల్బనీలో చదువుతున్నాను. న్యూయార్క్ అనగానే అందరూ అనుకునే ఊరు కాదు, ఆ రాష్ట్రానికి రాజధాని. చలికాలంలో గదిలోంచి బయటికి రావడానికే ఏడుపొచ్చేది. అలాంటి రోజుల్లో నాకున్న ఒకే ఒక్క విలాసం ఆల్బనీ పేట్రూన్స్ ఆట. వాషింగ్టన్ ఎవెన్యూలో ఆర్మరీ అని ఎర్ర ఇటుకల పాత మిలిటరీ భవనం ఉంటుంది, బయటినుంచి చూస్తే కోటలా. లోపల కోర్టు. అరుపులకి చెవులు చిల్లులు పడేవి.

మొదటిరోజు నాకో విషయం అర్థం కాలేదు. ఆఖరి నిమిషం, మనవాళ్లు పదిహేను పైగా ముందున్నారు, ఆట అయిపోయినట్టే. అయినా జనం లేచి నిలబడి గొంతు చించుకుంటున్నారు. పక్కసీట్లో ఒక ముసలామె చిన్న నోటుబుక్కులో పెన్సిల్‌తో ఏదో లెక్క రాసుకుంటోంది. అడిగితే నవ్వి, నాలుగో క్వార్టర్, అంటే ఆటలోని నాలుగు భాగాల్లో ఆఖరిది, మాత్రం అవతలివాళ్లు ఒక్క పాయింటు ముందున్నారని చూపించింది. సీబీఏలో పట్టిక లెక్కే వేరు. ఆట గెలిస్తే 3 పాయింట్లు, గెలిచిన ఒక్కో క్వార్టర్‌కి ఇంకో పాయింటు. మొత్తం ఒక ఆటకి 7. ఓడిపోయే జట్టు కూడా మూడు క్వార్టర్లు నెగ్గితే 3 పాయింట్లు జేబులో వేసుకుని ఇంటికెళ్లొచ్చు. అందుకే ఎవరూ ముందుగా లేచి వెళ్లేవారు కాదు. ఎన్‌బీఏ ఇది ఎందుకు కాపీ కొట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. త్రీ పాయింటర్, అంటే దూరం నుంచి వేసిన బుట్టకి మూడు పాయింట్లు, మాత్రం కాపీ కొట్టారు! ఈ లీగ్ దాన్ని 1960ల్లోనే పెట్టుకుంది, ఎన్‌బీఏకి 1979 దాకా తెల్లారలేదు.

ఇక నీ ప్రశ్నలు. థ్రిల్లర్స్ రెండూ ఒకటే. 1987లో ప్లేఆఫ్స్ (సీజన్ చివర్లో కప్పు కోసం ఆడే ఆటలు) ముందు జట్టుని ఫ్లోరిడాలోని టాంపా నుంచి ఎక్కడో సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీకి ఎత్తుకుపోయారు. సముద్రం పక్కన సీజన్ ఆడి, మంచుదేశంలో కప్పు కొట్టారు. పాపం టాంపా జనం! ఆ జట్టు కోచ్ బిల్ మస్సల్‌మన్. మరుసటి సీజన్‌కి ఆయన మా ఆల్బనీకి వచ్చి 1988 కప్పు కూడా పట్టుకెళ్లాడు. అంటే వరసగా నాలుగు. ఊరి పేరుతో లెక్కపెడితే ఈ సంగతి కనిపించనే కనిపించదు. ఈ లీగ్‌లో కప్పుని మనుషుల పేరుతో లెక్కపెట్టాలి.

ఆ ఏడాది మేం 48 గెలిచి 6 ఓడాం. 'మేం' అంటున్నానేమిటని నవ్వకు, టికెట్ డబ్బులు నావి. మైకల్ రే రిచర్డ్‌సన్ ఉండేవాడు, డ్రగ్స్ గొడవలో ఎన్‌బీఏ 1986లో నిషేధించిన ఆటగాడు. బంతి ఆయన చేతికొస్తే హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. టోనీ క్యాంప్‌బెల్ అని ఇంకో స్కోరర్. సీజన్ చివర్లో ఎన్‌బీఏ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ నుంచి ఫోనొచ్చింది, వెళ్లిపోయాడు. ఆ జూన్‌లో లేకర్స్‌తో ఎన్‌బీఏ ఛాంపియన్ అయ్యాడు కూడా. ఆయన కోసం సంతోషించాలా, మా జట్టు కోసం ఏడవాలా? సీబీఏ బతుకే అంత. ఎవడు బాగా ఆడితే వాడు మాయం. అంత గొప్ప రికార్డున్న జట్టుకి ఫైనల్లో వయోమింగ్ వైల్డ్‌క్యాటర్స్‌ని ఓడించడానికి ఏడు ఆటలూ పట్టాయి. నేను పరీక్ష ఎగ్గొట్టిన సంగతి మా నాన్నగారికి ఆఖరిదాకా తెలియదు.

గొప్ప జట్టు అంటావా, 1990-91లో జార్జ్ కార్ల్ కోచింగ్‌లో ఇదే ఆల్బనీ 50-6తో ఇంకా బాగా ఆడింది. కప్పు మాత్రం విచిటా ఫాల్స్ టెక్సాన్స్‌కి పోయింది. నన్నడిగితే నా ఓటు 1988కే, పక్షపాతం అనుకున్నా సరే. కప్పుల లెక్కలో అయితే పాత పెన్సిల్వేనియా జట్లే పైన: విల్క్స్-బేర్ బేరన్స్ 8, అలెన్‌టౌన్ జెట్స్ 8. లీగ్ పుట్టింది కూడా అక్కడే, 1946 ఏప్రిల్‌లో, బొగ్గుగనుల చుట్టుపక్కల ఊళ్లలో. ఎన్‌బీఏకి మూలమైన లీగ్ అదే జూన్‌లో పుట్టింది. అందుకే అన్నగారి హోదా మాదేనని సీబీఏ వాళ్లు చెప్పుకునేవారు. తర్వాతి కాలంలో యాకిమా సన్ కింగ్స్ 5 కొట్టింది.

2001 ఖాళీకి కారణం ఎన్‌బీఏ మాజీ ఆటగాడు ఐజయా థామస్. 1999లో మొత్తం లీగ్‌నే కొనేశాడు. మరుసటేడు ఎన్‌బీఏ జట్టు ఇండియానా పేసర్స్‌కి కోచ్ అయ్యాడు. ఎన్‌బీఏ కోచ్‌కి ఇంకో లీగ్ ఉండకూడదు కాబట్టి దీన్ని వదులుకోవాల్సి వచ్చింది. కొనేవాడు లేడు, 2001 ఫిబ్రవరిలో సీజన్ మధ్యలోనే తాళం పడింది. ఫైనలే లేనప్పుడు విజేత ఎక్కణ్నుంచి వస్తాడు? కొన్ని జట్లు కలిసి ఆ ఏడాది చివర్లో మళ్లీ మొదలుపెట్టాయి, 2002 కప్పు డకోటా విజార్డ్స్‌ది.

డల్లాస్ రావు:

బాబాయ్ గారూ, మీరు చెప్పిన రిచర్డ్‌సన్ కథ అక్కడితో అయిపోలేదండీ. మాకు కారులో మూడు గంటల దూరంలో ఓక్లహోమాలోని లాటన్ ఉంది. అక్కడి కావల్రీ జట్టుకి ఆయన కోచ్‌గా 2008, 2009 కప్పులు రెండూ గెలిచాడు. 2009లో డబ్బుల్లేక లీగ్ మూతపడుతుంటే సీజన్ మధ్యలో ఆపేసి, ముందున్న రెండు జట్లకీ మూడు ఆటల ఫైనల్ పెట్టేశారు. రెండో జట్టు ఎవరనుకున్నారు? మీ ఆల్బనీయే. అదే సీబీఏ ఆఖరి కప్పు. ఇంకోటి, 2011లో మా డల్లాస్‌కి ఎన్‌బీఏ కప్పు తెచ్చిన రిక్ కార్లైల్ కూడా ఒకప్పటి పేట్రూన్సే.

కాకినాడ బాబాయ్:

కార్లైల్‌ని ఆర్మరీలో చూశానయ్యా, మర్చేపోయాను. 1984లో ఆల్బనీకి కప్పు తెచ్చిన కోచ్ ఫిల్ జాక్సన్, తర్వాత ఎన్‌బీఏలో మహా కోచ్ అయినాయనే, అని కూడా రాసి ఉండాల్సింది. లాటన్ సంగతి మాత్రం ఇప్పుడే వింటున్నాను. సొంత జట్టుని మన రిచర్డ్‌సనే ఓడించాడా!

హన్మకొండ పోరడు:

బాబాయ్, రావన్నా, చాలా థ్యాంక్స్. ఆదివారం మొదటి ప్రశ్న రెడీ: '1988లో ఆటగాడిగా ఆల్బనీకి కప్పు తెచ్చి, 2009లో కోచ్‌గా అదే ఆల్బనీని ఫైనల్లో ఓడించింది ఎవరు?' ఒక్కడు చెప్పినా బిర్యానీ నాదే.

కాకినాడ బాబాయ్:

ఫోన్లు పక్కన పెట్టించి అడుగు. లేకపోతే బిర్యానీ బిల్లు నీకే.