సమస్యాపూరణం: వెనుకఁ జూచి నడుప వేయి మేలు

ఈ వారం సమస్య:

*వెనుకఁ జూచి నడుప వేయి మేలు*

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. చిన్న ఊళ్లో బడి బస్సు నడిపి, తండ్రిని దించిన గేటు దగ్గరే తర్వాత కొడుకునీ దించి, నిండు జీవితం గడిపి ఈ మధ్యే వెళ్లిపోయిన ఒక డ్రైవరు జ్ఞాపకంగా ఇస్తున్నాను. నేనూ ఆ బస్సు ఎక్కినవాణ్ణే. పేరు రాయను, ఆయనకి అలాంటివి నచ్చేవి కావు.

వెనక్కి చూస్తూ బండి నడిపేవాడికి ఎవరైనా దండం పెట్టి దిగిపోతారు. మరి అది మేలెలా అయింది? అదే మీరు విప్పాల్సిన ముడి. అవధానంలోలాగా నాలుగు ఆవృత్తాల్లో (విడతల్లో) ఆశువుగా చెప్పనక్కర్లేదు. మధ్యలో గంటలు కొట్టేవాళ్లూ లేరు, తీరిగ్గా రాయండి. ఒక్కటే షరతు: పద్యంలో ఆయన కనిపించాలి.

మొదటి పూరణ

అద్దమందుఁ దోఁచు నల్లరి పిల్లల,
నిలుచునట్టివాని, నిదురఁబోవు
వాని, నేడ్చువాని భద్రమ్ముగాఁ దేర
వెనుకఁ జూచి నడుప వేయి మేలు.

నా వ్యాఖ్య: డ్రైవరు తల మీది అద్దాన్ని పట్టుకోగానే సమస్య సగం విడిపోయింది. మెడ తిప్పకుండానే వెనక్కి చూడొచ్చు. రెండో పాదం చివర 'నిదురఁబోవు' దగ్గర ఆగి, 'వాని' అంటూ మూడో పాదం ఎత్తుకోవడం బస్సు చిన్న గుంతలో పడి లేచినట్టుంది, బాగుంది. 'పిల్లల' తర్వాత 'లో' అనే అర్థం మనం తెచ్చుకోవాలి, అంతే.

ఒక సభ్యురాలి ప్రశ్న: అంతా బాగుంది గానీ, నిదురపోయే పిల్లవాడు అద్దంలో ఎలా కనిపిస్తాడండీ? సీట్లోంచి జారి, బ్యాగు మీద తల పెట్టుకుని ముడుచుకుపోతాడు. మా అబ్బాయి అంతే.

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. దీని సంగతి చివర్లో చెబుతాను.

రెండో పూరణ

బండి వెనుక జరుప, బంతికై వంగిన
చిట్టివాఁడు గలఁడు చెంతనేమొ!
దిగుము, చుట్టుఁ జూడు, తీరిక లేదన్న
వెనుకఁ జూచి నడుప వేయి మేలు.

నా వ్యాఖ్య: రివర్స్ గేరు! ఇది నాకు తట్టలేదు. పెద్ద బండికి చక్రాల పక్కన, వెనకా అద్దానికి అందని జాగా ఉంటుంది. వంగిన పిల్లవాడు సరిగ్గా అక్కడే ఉంటాడు. 'బంతికై వంగిన' అన్న ఒక్క మాటతో టెన్షన్ పుట్టించారు. అయితే రెండు అభ్యంతరాలు. ఒకటి, దీన్ని డ్రైవింగ్ నేర్పే చోట గోడ మీద రాయొచ్చు, అందులో మన మనిషి ఏడీ? రెండు, 'తీరిక లేదన్న' అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. దిగి చూడకుండా ఒక్కసారి కూడా బండి వెనక్కి తియ్యలేదు. మూడో పాదం ఇలా మారిస్తే?

దిగుము, చుట్టుఁ జూడు, తిరిగి యెక్కియుఁ గూడ

యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) 'ది'కి 'తి', చెల్లుతుంది. దిగి చూసొచ్చినవాడు కూడా మళ్లీ చూస్తాడు. ఇప్పుడు కొంచెం ఆయనలా ఉంది.

పద్యకర్త: మార్పు తీసుకుంటున్నానండి. మీరు చెప్పాక నాదే బద్ధకంగా అనిపిస్తోంది.

మూడో పూరణ (పంపినవారికిది తొలి పద్యమట)

హారను కొట్టకుండ నాగి వేచెడువాఁడు
పరుగు తీయు పిల్లఁ బలుకరించి
ఎక్కినట్టి పిదప నింకెవ్వరో యంచు
వెనుకఁ జూచి నడుప వేయి మేలు.

నా వ్యాఖ్య: తమ్ముడూ, భయపడకు, ఈ వారం మనిషి కళ్లకి కట్టిన పద్యం నీదే. తప్పులు చిన్నవి. ఆటవెలది సూర్యగణంతో మొదలవ్వాలి, అంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. 'హారను' గురువు, రెండు లఘువులు. అది భగణమైపోయింది. 'హార్ను' అను, గలం దొరుకుతుంది, జనం పలికేదీ అదే. 'హా'కీ, 'నాగి'లో దాగిన 'ఆ'కీ యతి చక్కగా కుదిరింది. తెలిసి వేశావో తెలియక వేశావో అడగను. ఇక 'పలుకరించి' తర్వాత 'ఎక్కి' అని అచ్చుతో మొదలెట్టకూడదు. 'యెక్కి' అని రాయి.

ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే పిల్ల మీద హార్ను కొడితే ఆ పిల్ల ఇంకా కంగారుపడి రోడ్డు చూసుకోదు. ఆయన ఇంజన్ కూడా కట్టేసి కూర్చునేవాడు. ఇంజన్ మోగకపోతే 'వెళ్లిపోతోంది' అనే భయం ఉండదు కదా.

నాలుగో పూరణ

పచ్చబండి నడిపి పలు తరమ్ముల మోసి
పండె నిండు బతుకు, వాని వలెనె
మనము బతుకు బండి మసకలోఁ జొచ్చిన
వెనుకఁ జూచి నడుప వేయి మేలు.

ఒక సభ్యుడు: బస్సు ఆకుపచ్చదా మాష్టారూ?

పద్యకర్త: కాదండీ, పసుపుపచ్చదే. 'పచ్చ' అంటే పసుపూ అవుతుంది. పచ్చకామెర్లు అంటాం కదా.

నా వ్యాఖ్య: ఆ మాట నిలుస్తుంది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో 1939లో జరిగిన సదస్సులో బడి బస్సులకి ఆ రంగు ఖాయం చేసింది ఎందుకనుకున్నారు? తెల్లవారుజాము మసకలో కూడా పసుపు మీద నల్ల అక్షరాలు బాగా కనిపిస్తాయని. మూడో పాదంలో మీ 'మసక' దీనికి తెలియకుండానే జతపడింది. దాన్ని వదులుకోవాల్సి రావడం నాకూ బాధే. కానీ 'బతుకు బండి' వాడి వాడి అరిగిపోయిన టైరు. పైగా 'బతుకు', 'బండి' రెండూ ముందే వాడేశారు, పునరుక్తి. నిజం బస్సు చేతిలో ఉండగా ఉపమానం బస్సు ఎందుకండీ?

పద్యకర్త సవరణ:

మనము సాగునపుడు మనవారి నందఱ

నా వ్యాఖ్య: ఇది నయం. మసక పోయింది, మనుషులొచ్చారు.

నా పూరణ

మొదటి పద్యం దగ్గర అమ్మగారు వేసిన ప్రశ్న రెండు రోజులు వదల్లేదు. అద్దానికి చిక్కని పిల్లవాడి కోసం చేసేది ఒకటే: బస్సు ఆపి, లేచి, చివరి సీటు దాకా నడిచి వెళ్లడం.

బడినిఁ జేరి దిగిన పాపలు పోయిన
పిదపఁ జివరి సీటు వెదకి, యందు
నిదుర లేపి యొకని నెమ్మదిగా దింపి
వెనుకఁ జూచి నడుప వేయి మేలు.

ఒక సభ్యుడు: నిర్వాహకులు కదా అని వదలను. పిల్లలంతా దిగిపోయారు, నిద్రపోయినవాణ్ణీ దింపేశారు. ఇక ఖాళీ బస్సులో వెనక్కి చూసేదేమిటి? పూరణ అక్కడ కుంటుతోంది.

నా జవాబు: ఆ నిద్రపోయినవాణ్ణి నేనే. కళ్లు తెరిచేసరికి ఆయన సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊడిపోయిన నా బూటు లేసు కడుతున్నాడు. ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకుని దింపి, గేటు లోపలికి పంపి, బస్సెక్కాడు. నేను నడుస్తూ వెనక్కి తిరిగితే బస్సు మెల్లగా కదులుతోంది, పక్క అద్దంలో ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. నేను క్లాసు గుమ్మం ఎక్కాకే బస్సు వేగం అందుకుంది.

కానీ ఇదంతా పద్యంలో లేదు, నా తలలో ఉంది. కాబట్టి మీ ఆక్షేపణ నిలుస్తుంది. మూడో పాదం మార్చగలిగినవాళ్లు పంపండి, 'ని' యతి మాత్రం చూసుకోండి.