బక్షాల పూర్ణం ఎప్పుడు దించాలి?

మాది కర్నూలు. ఉగాదికి పిల్లలు మా అవ్వ పక్కన చేరి బక్షాలు (బొబ్బట్లు) తట్టడమే మా ఇంట్లో పెద్ద సరదా. ఆమెకు చేతులు వణుకుతున్నాయని ఈసారి పూర్ణం పని నాకొచ్చింది. కొలత అడిగితే "చూస్తే తెలుస్తుందిలే" అంటుంది!

గ్లాసు శనగపప్పుకు గ్లాసు బెల్లం. పప్పు పలుకుగా ఉడికించి, నీళ్లు పూర్తిగా వంచేసి (ఆ కట్టుతో చారు పెడతాం), బెల్లంతో కలిపి మిక్సీలో రుబ్బితే జారుగా అవుతోంది. బాణలిలో దగ్గర పడేదాకా తిప్పితే వేడి మీద ముద్ద కడుతుంది గానీ, చల్లారాక పొడిపొడిగా విరిగి, తట్టేటప్పుడు పిండిని చీల్చుకొని బయటికొస్తోంది. బెల్లం తగ్గించి చూశాను, తీపి చాలదని పిల్లలు ముట్టలేదు. మైదా మెత్తగా కలిపి, నూనె పోసి రెండు గంటలు నానబెట్టినా అంతే.

కొలత మార్చకుండా, పూర్ణం దించాల్సిన సమయాన్ని ఎలా గుర్తుపట్టాలి?