బాస్కెట్‌కు చిక్కని 22 మి.మీ. పిత్తనాళపు రాయి: స్టెంట్లతో ఆగాలా, ఈఎస్‌డబ్ల్యూఎల్ (బయటి నుంచి షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టడం) చేయాలా?

పేషెంటుకు 70 దాటాయి, గాల్‌బ్లాడర్ ఇదివరకే తీసేశారు. కామన్ బైల్ డక్ట్ (ప్రధాన పిత్తనాళం) పైభాగంలో ఒకే రాయి, 22 మి.మీ.; పీపా ఆకారంలో నాళాన్ని పూర్తిగా నింపేసింది. నాళం కింది భాగం వెడల్పు 10 మి.మీ. మాత్రమే.

ఈఆర్‌సీపీలో (నోటి ద్వారా ఎండోస్కోప్‌తో పిత్తనాళాన్ని చేరే ప్రక్రియ) స్ఫింక్టరాటమీ (నాళం ద్వారాన్ని కోసి తెరవడం) చేసి, బెలూన్‌తో 10 మి.మీ. వరకే వెడల్పు చేశాం. కింది నాళం కొలత దాటితే చిరిగే ప్రమాదం కదా, అక్కడే ఆపేశాం. మెకానికల్ లిథోట్రిప్టర్ బాస్కెట్ (రాయిని పట్టి నలిపే తీగల బుట్ట) రాయిని దాటి పైకి వెళ్తోంది, కానీ నాళం గోడకూ రాయికీ మధ్య సందు లేక తెరుచుకోవట్లేదు. అసలు చిక్కు ఇదే. బాస్కెట్ మార్చినా అంతే. చివరికి 7 ఫ్రెంచ్ (సుమారు 2.3 మి.మీ. మందం), 10 సెం.మీ. డబుల్ పిగ్‌టెయిల్ స్టెంట్లు (పిత్తం కారేలా నాళంలో ఉంచే, రెండు చివరలూ చుట్టుకున్న గొట్టాలు) రెండు పెట్టి బయటికొచ్చాం. బిలిరుబిన్ (కామెర్ల తీవ్రత చెప్పే రక్తపరీక్ష) 6.8 నుంచి 1.2కు దిగింది, జ్వరం లేదు. రక్తం పలుచబరిచే మందులేవీ వాడట్లేదు.

కోలాంజియోస్కోప్ (పిత్తనాళం లోపల చూసే సన్నని స్కోప్), రాయి పగలగొట్టే లేజర్ మా దగ్గర లేవు. ఈఎస్‌డబ్ల్యూఎల్ మెషీన్ ఉంది. స్టెంట్ల రాపిడికి రాళ్లు చిన్నవవడం తెలిసిందే, కానీ ఇంత బిగుసుకున్న రాయి విషయంలో నాకు నమ్మకం తక్కువ. మూడు నెలలు దాటితే స్టెంట్లు మూసుకుపోయి కోలాంజైటిస్ (పిత్తనాళపు ఇన్ఫెక్షన్) వచ్చే భయమూ ఉంది.

ఇలాంటి కేసులు చేసినవాళ్లు చెప్పండి: మూడు నెలలు ఆగి మళ్లీ ఈఆర్‌సీపీ చేస్తారా, లేక ఇప్పుడే నేసోబిలియరీ డ్రెయిన్ (పిత్తనాళం నుంచి ముక్కు ద్వారా బయటికి వచ్చే గొట్టం) పెట్టి ఈఎస్‌డబ్ల్యూఎల్‌కు వెళ్తారా?