తాత కామెర్ల మందు రాసిపెట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లమల కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం అవతల, నల్లమల అంచున చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తాతకు 82 ఏళ్లు. పచ్చకామెర్లకు పసరు మందు ఇస్తాడు. గురువారం, ఆదివారం పొద్దున్నే పరగడుపున రమ్మంటాడు. డబ్బు ముట్టుకోడు, కొబ్బరికాయ తెస్తే చాలు. మూడు పూటలు మందు, పదకొండు రోజులు ఉప్పూ నూనె లేని పథ్యం.

పోయిన నెల తాత వాకిట్లో జారిపడ్డాడు. తుంటి విరిగింది. మంచం దిగలేడు కాబట్టి ఆకు తెమ్మని మా నాన్నను పంపాడు. నాన్న గంపెడు కోసుకొస్తే రెండు రెమ్మలు వాసన చూసి, "ఇది కాదురా" అని పక్కకు నెట్టేశాడు. నలభై ఏళ్లు అదే ఇంట్లో ఉన్న నాన్నకే ఆకు తెలీదని ఆ రోజు నాకు తెలిసింది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్.

తాతను అడిగితే, "నోటితో చెబితే మందు గుణం పోతుంది" అంటాడు. మా బావేమో ముందు పేటెంట్ తీసుకో అంటున్నాడు. ఈ మధ్య ఎవరో కంపెనీ మనిషి ఊరికొచ్చి, ఫార్ములా చెబితే డబ్బిస్తామని ఒక కాగితం ఇచ్చిపోయాడు. నా భార్య నర్సు. ఆమె ప్రశ్న వేరు: "తగ్గింది సరే, తగ్గించింది మందేనని నీకెలా తెలుసు?" నా దగ్గర జవాబు లేదు. ఏది ముందు చెయ్యాలో చెప్పండి.

ఆకుల మాస్టారు

బాబూ, నేను బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. పేటెంట్ సంగతి తర్వాత. ముందు ఆ మొక్క ఏదో తేల్చు. నువ్వు పేరు రాయలేదు గానీ కామెర్లంటే మన వైపు నూటికి తొంభైమంది నేల ఉసిరి అంటారు, లేకపోతే గుంటగలగర. నేల ఉసిరే అనుకో, ఆ ఒక్క పేరు కింద మన పొలాల గట్ల మీద నాలుగైదు రకాలు దొరుకుతాయి. వాటి శాస్త్రీయ నామాలతోనే చెప్తా. ఫిల్లాంథస్ అమారస్‌కు కాయ నున్నగా ఉండి చిన్న కాడకు వేలాడుతుంది. యూరినేరియా కాయ గరుకుగా, కాండానికి అంటుకున్నట్టే ఉంటుంది, కాండం ఎర్రబారుతుంది. డెబిలిస్ అని ఇంకోటుంది, పువ్వు తిప్పి రేకులు లెక్కపెడితే గానీ తేడా తెలీదు: అమారస్‌కు 5, దీనికి 6. మీ తాత వాసనతో పట్టేసింది ఇలాంటి తేడానే అయ్యుంటుంది. "నేల ఉసిరి, మేకపాలలో" అని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటే రేపు నీ కొడుకు గట్టు మీద నిలబడి ఏది పీకాలో తెలీక చూస్తాడు, మీ నాన్నలాగే.

కాబట్టి హెర్బేరియం నమూనా, అంటే అదిమి ఎండబెట్టి దాచిన మొక్క, చెయ్యి. చిన్న మొక్కయితే వేరుతో సహా, పువ్వూ కాయా ఉన్నప్పుడే తియ్యి. మట్టి దులిపి పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టు. మొదటి నాలుగైదు రోజులు రోజూ కాగితాలు మార్చాలి. వానాకాలంలో ఇంకా జాగ్రత్త. పక్కన చీటీ మీద తేదీ, చోటు, ఎలాంటి నేల, పువ్వు రంగు, తుంచితే పాలు కారాయా, వాసన ఎలా ఉంది, తాత దాన్ని ఏ పేరుతో పిలుస్తాడు, ఇవన్నీ అప్పుడే రాయాలి. ఎండాక రంగూ వాసనా పోతాయి. మూడు సెట్లు చేసి, ఒకటి ఏదైనా యూనివర్సిటీ బోటనీ శాఖ హెర్బేరియంలో ఇస్తే వాళ్లు నంబరు వేస్తారు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ, మూడింట్లోనూ హెర్బేరియంలు ఉన్నాయి. ఆ నంబరుంటే ఇక పేరు మీద గొడవ రాదు.

జనరల్ మెడిసిన్

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్ని. మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. ఊళ్లలో వచ్చే కామెర్లలో చాలాభాగం నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. పసరు తాగినా, వాత పెట్టించుకున్నా, ఊరికే పడుకున్నా తగ్గుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. అందుకే "మా ఊళ్లో అందరికీ తగ్గింది" అంటే డాక్టర్లు తల ఊపరు. అది పొగరు కాదు.

నేల ఉసిరి మీద పరీక్షలు జరగలేదనుకోకండి. 1988లో చెన్నైవాళ్ల పరిశోధన వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉండిపోయినవాళ్లకు ఫిల్లాంథస్ అమారస్ పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనపడకుండా పోయింది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. తర్వాత వేరే చోట్ల అదే చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఒక పరీక్షతో సంబరపడకూడదు, ఒక పరీక్షతో కొట్టిపారెయ్యనూ కూడదు.

నాకు ఒక విషయం తెలియాలి. మీ తాత ఎవరికి మందు ఇవ్వడు?

నల్లమల కుర్రాడు

మేడమ్, ఇది నేనెప్పుడూ అడగలేదు. ఫోన్లో అడిగాను. తాత చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నా. కడుపుతో ఉన్న ఆడమనిషికి ఇవ్వడట. "అది నా చేతిది కాదు, పెద్దాసుపత్రికి పో" అంటాడట. మత్తుగా తూలుతూ, మాట తడబడుతూ వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేస్తాడట. ఇంకోటి, దొడ్డికి తెల్లగా సున్నంలాగా పోతుందా, ఒళ్లంతా దురదా అని అడుగుతాడట. అవునంటే ఇవ్వడు. "లోపల దారి మూసుకుపోయింది, పసరుకు లొంగదు" అన్నాడు.

జనరల్ మెడిసిన్

బాబూ, ఈ నాలుగు వాక్యాలు పైన తేదీ వేసి రాసిపెట్టుకో. తెల్ల విరేచనం, దురద ఉంటే పైత్యనాళానికి అడ్డు పడినట్టు. రాయో గడ్డో అయ్యుంటుంది. మేం స్కానింగ్ చేసి చెప్పేది కూడా అదే మాట. మత్తు అంటే లివర్ చేతులెత్తేస్తున్నట్టు. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. మీ తాత ఆకు పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. ఆయన చూపు మాత్రం పనిచేసింది. ఊళ్లలో నేను చూసిన ప్రమాదాలు ఎక్కువగా ఈ చూపు లేకుండా ఆకు ఒక్కటే నేర్చుకున్న కొడుకులూ మనవళ్ల దగ్గర జరిగినవే.

రికార్డు పెట్టాలంటే వచ్చిన ప్రతివాడికీ వరస నంబరు, వయసు, ఎన్ని రోజులనుంచి, ల్యాబ్ రిపోర్టు ఉంటే బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పచ్చరంగు పదార్థం) ఎంత, మందు ఇచ్చాడా పంపేశాడా, పదిహేను రోజులకు ఎలా ఉన్నాడు. పేర్లు రాయొద్దు. తగ్గనివాళ్లనూ మళ్లీ రానివాళ్లనూ కలిపి లెక్కెయ్యాలి, అక్కడే అందరూ తప్పుతారు. ఇది రుజువు కాదు, రుజువు వెతకడం దండగో కాదో చెప్పే పుస్తకం. ట్రయల్ అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, రిజిస్ట్రేషన్, పోల్చడానికి ఇంకో గుంపు, ఇవన్నీ ఉండాలి. ఇంట్లో చేసేది కాదు.

చిత్తూరు చిన్నోడు

అక్కా, ఒక డౌట్. వందల ఏళ్లుగా వాడుతుంటే అది సేఫ్ అనే కదా?

జనరల్ మెడిసిన్

తాగిన గంటకు వాంతి చేయించేదైతే జనం ఎప్పుడో మానేసేవాళ్లు. ఏళ్ల తర్వాత దెబ్బకొట్టేదాన్ని అనుభవం పట్టుకోలేదు. ఈశ్వరి వేరు తెలుసుగా, పాముకాటుకు నూరి తాగిస్తారు. దాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ఎప్పుడో తాగిన వేరుకూ ఇప్పుడు చెడిన కిడ్నీకీ ఏ ఊళ్లో ముడిపెడతారు? పాముకాటుకు ఆసుపత్రిలో యాంటీవీనమ్ తప్ప వేరే మందు లేదు, అది వేరే చర్చ.

హాని లేదనడం వేరు, పనిచేస్తుందనడం వేరు. 2021 మేలో కృష్ణపట్నం మందు గొడవ గుర్తుందా? పరీక్షించినవాళ్లు హాని కనపడలేదన్నారు, కోవిడ్ తగ్గిస్తుందనడానికి ఆధారం లేదనీ అన్నారు. జనం మొదటి సగమే విన్నారు.

వకీలు

ఇక బావగారి పేటెంట్. పేటెంట్ చట్టం సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానంగా ఉన్నదానికి పేటెంట్ ఇవ్వరు. తాతల నుంచి వచ్చిందని మీరే అంటున్నారు, ఇక అంతే. దాంట్లోంచి కొత్తగా ఏదైనా తయారుచేసి పేటెంట్‌కు వెళ్లినా 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను దాటి వెళ్లలేరు.

మరి బయటివాడు పట్టుకుపోతే? పసుపు కథే చూడండి. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి సిఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. మా అమ్మమ్మ రాసేది అంటే అక్కడ చెల్లదు. సంస్కృత గ్రంథాలూ, 1953లో భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసమూ చూపిస్తేనే గెలిచాం. ఆ దెబ్బతోనే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. కానీ అందులో ఉన్నవి గ్రంథాల్లో ఉన్న మందుల తయారీలు, మీ తాత నోట్లో ఉన్నవి కావు.

ఇక్కడో మెలిక ఉంది. నలుగురికీ తెలిసేలా అచ్చు వేస్తే ఎవడూ పేటెంట్ తీసుకోలేడు, మీకూ దాని మీద గుత్తాధిపత్యం ఉండదు. రహస్యంగా ఉంచితే బేరం మీ చేతిలో ఉంటుంది, తాతతో పాటే పోయే ప్రమాదమూ ఉంటుంది. రెండూ కావాలంటే కుదరదు, ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

కంపెనీ కాగితం మీద సంతకం పెట్టకండి. వాళ్లకు నిజంగా కావాలంటే రాష్ట్ర జీవవైవిధ్య మండలి ద్వారా లాభంలో వాటా రాసుకుని రమ్మనండి. కేరళ కాణి గిరిజనులు ఆరోగ్యపచ్చ అనే మొక్కను 1987లో పాలోడు బొటానిక్ గార్డెన్ శాస్త్రవేత్తలకు చూపించారు. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. మందు తయారుచేసే కంపెనీ కట్టాల్సిన లైసెన్సు ఫీజు 10 లక్షలు, అమ్మకాల మీద 2 శాతం, అందులో సగం కాణులకు. డబ్బు తీసుకోవడానికి 1997లో ట్రస్టు పెట్టారు. అంత మంచి ఒప్పందంలోనూ మమ్మల్ని అడగలేదని మిగతా కాణులు అలిగారు, ఆకు కొయ్యడానికి అటవీశాఖ ఒప్పుకోలేదు.

ఇంకోటి. మీరు తాత తర్వాత మందు ఇద్దామనుకుంటే జాగ్రత్త. జీవవైవిధ్య చట్టం ఊరి వైద్యులకు ఇచ్చే మినహాయింపు మొక్క వాడుకోవడానికే, ప్రాక్టీసుకు కాదు. అర్హత లేకుండా వైద్యం చెయ్యకూడదని 2018లో కేరళ పారంపర్య వైద్యుల కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

చిత్తూరు చిన్నోడు

సంతకం దగ్గర నేనూ చెప్తా. మా అమ్మ బాలింతలకు మందులు నూరేది. ఒక కాలేజీ నుంచి పరిశోధనంటూ వచ్చి మూడు రోజులు మా ఇంట్లో అన్నం తిని, అన్నీ రాసుకుపోయారు. వ్యాసం అచ్చయింది. అందులో మా అమ్మ "స్థానిక సమాచారదాత 7". ఒక కాపీ కూడా పంపలేదు. ఎవరొచ్చినా మీ దగ్గర ఏం రాసుకున్నారో దాని నకలు అక్కడికక్కడే ఫోన్లో ఫొటో తీసుకోండన్నా.

పంచాయతీ కార్యదర్శి

ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ (ఊళ్లోని మొక్కలూ జీవాల వివరాలు రాసే పుస్తకం) ఉండాలి. ఊరి వైద్యుల వివరాలు కూడా ఆ కమిటీ దగ్గర ఉండాలి. ఉన్నమాట చెప్తా, 2020 జనవరిలోపు పూర్తి చెయ్యకపోతే రాష్ట్రానికి నెలకు 10 లక్షల జరిమానా అని గ్రీన్ ట్రిబ్యునల్ అన్నప్పుడు చాలాచోట్ల హడావుడిగా నింపేశారు. మీ ఊరి పుస్తకం తీయించి చూడండి, పక్క ఊరి మొక్కలే మీ ఊళ్లోనూ కనపడొచ్చు. తాత పేరు, ఏ జబ్బుకు ఇస్తాడు అన్నంత వరకు రాయించండి. పాళ్లూ తయారీ అక్కర్లేదు, రాయనంటే ఎవరూ బలవంతపెట్టరు. ఆయన ఒప్పుకుంటేనే రాయించండి.

నల్లమల కుర్రాడు

అందరికీ థాంక్స్. పోయిన శని, ఆదివారాలు ఊరెళ్లొచ్చాను. "చెబితే గుణం పోతుంది" అన్న తాతతో, "చెప్పొద్దు, చూపించు" అన్నాను. నవ్వాడు. నులక మంచాన్ని నలుగురం పట్టుకుని గట్టు దాకా మోశాం. మూడు రకాలు పీకి చూపిస్తే రెండు తీసేశాడు. ఉంచినదానికి కాయ నున్నగా కాడతో ఉంది, పువ్వు తిప్పి లెక్కపెట్టా, 5 రేకులు. ఇంకో ఆకు కలుపుతాడట, అది దసరా వెళ్లాక చూపిస్తాడట. ఎవరికి ఇవ్వడో ఆ మాటలు వీడియో తీశాను, నలభై నిమిషాలొచ్చింది. కంపెనీ కాగితం బీరువాలో ఉంది, సంతకం లేకుండా.

మాస్టారూ, ఒక పొరపాటు జరిగింది. రెండో రోజు కాగితాలు మార్చడం మర్చిపోయాం. ఒక నమూనా ఆకులు నల్లబడ్డాయి. పారెయ్యాలా?

ఆకుల మాస్టారు

పారెయ్యకు. నల్లబడినా కాయా పువ్వూ నిలిచి ఉంటే పనికొస్తుంది. బూజు పడితేనే తీసెయ్. దానికి తోడు ఇంకో రెండు మొక్కలు అదే గట్టు మీద నుంచి తెప్పించు, ఈసారి మీ నాన్నను పంపు.