బెంజోయిక్ ఆమ్లం మెల్టింగ్ పాయింట్ తక్కువగా వస్తోంది, తప్పు ఎక్కడ?

ప్రశ్న

నీటిలో రీక్రిస్టలైజ్ చేసిన (వేడి నీటిలో కరిగించి, చల్లార్చి మళ్లీ స్ఫటికాలుగా తీసిన) బెంజోయిక్ ఆమ్లానికి మెల్టింగ్ పాయింట్, అంటే కరిగే ఉష్ణోగ్రత, చూస్తున్నాను. పుస్తకంలో 122 డిగ్రీలని ఉంది. నాకేమో 115 దగ్గర కదలిక మొదలై 121 దాకా సాగుతోంది. వాడినవి థీలే ట్యూబు (పక్కన వంపు తిరిగిన చేయి ఉన్న గాజు గొట్టం), అందులో లిక్విడ్ పారాఫిన్ నూనె, పాదరసం థర్మామీటరు. స్ఫటికాలను ఫిల్టర్ కాగితాల మధ్య నొక్కి అరగంట ఆరబెట్టి, కేపిలరీలో (ఒక కొన మూసిన సన్నని గాజు గొట్టంలో) 8 మి.మీ. ఎత్తు నింపాను. చల్లారాక అదే కేపిలరీతో మళ్లీ చూస్తే 113 నుంచి 120 వచ్చింది. ఈ రెండింటిలో ఏది రాసుకోవాలి?

జవాబు 1

రెండూ వద్దు. రెండోదైతే అసలు లెక్కలోకే రాదు. ఒకసారి కరిగి గడ్డకట్టిన పదార్థం మొదటి పొడిలా ఉండదు, కొన్ని పదార్థాలు ఆ వేడికి కొంత విఘటన చెందుతాయి కూడా. ప్రతి రీడింగుకూ కొత్త కేపిలరీ తీసుకోండి.

అసలు అనుమానం తేమ మీద. అరగంట చాలదు. చేతికి పొడిగా తగిలినా స్ఫటికాల మధ్య నీరు ఉండిపోతుంది, అది మలినంలాగే పనిచేసి మెల్టింగ్ పాయింట్‌ను కిందికి లాగి, రేంజిని (కరగడం మొదలైన అంకెకూ ముగిసిన అంకెకూ మధ్య తేడాను) సాగదీస్తుంది. వాచ్ గ్లాసులో పలచగా పరిచి రాత్రంతా డెసికేటర్‌లో (తేమ పీల్చే పదార్థం ఉన్న మూత పాత్రలో) ఉంచండి. తొందరపడి బాగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు, బెంజోయిక్ ఆమ్లం ఆవిరైపోతుంది.

8 మి.మీ. కూడా చాలా ఎక్కువ, 2 నుంచి 3 మి.మీ. చాలు. ఎత్తు పెరిగితే గోడ పక్కన పొడి కరిగిపోయినా మధ్యలోది ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది, ఈలోగా థర్మామీటరు పైకి పోతుంది. పొడిని స్పాచులాతో మెత్తగా నలిపి, కేపిలరీ తెరిచిన కొనను అందులో గుచ్చి తీయండి. తర్వాత మూసిన కొన కిందికి ఉండేలా తిప్పి, బల్ల మీద నిలువుగా పట్టుకున్న అరమీటరు గాజు గొట్టంలోంచి నాలుగైదుసార్లు జారవిడవండి. దూదిలా వదులుగా ఉన్న పొడి అడుగున గట్టి తెల్లటి బిళ్లలా కూర్చోవాలి. వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే మధ్యలో సందులు కనిపించకూడదు.

జవాబు 2

వేడి చేసిన వేగం మీరు రాయలేదు. మొదట ఒక కేపిలరీని నిమిషానికి 5, 6 డిగ్రీల చొప్పున వేడిచేసి సుమారుగా ఎక్కడ కరుగుతుందో చూసుకోండి. నూనె ఆ అంకెకు 20 డిగ్రీల కిందికి చల్లారాక కొత్త కేపిలరీ పెట్టి, చివరి 10 డిగ్రీలూ నిమిషానికి 1 లేదా 2 డిగ్రీలే పెంచండి. మంట పక్క చేయి వంపు కింద ఉండాలి, అప్పుడే నూనె తనంతట తాను తిరుగుతుంది. థర్మామీటరు బల్బు పై చేయి అతుకు ఎత్తులో, పొడి సరిగ్గా బల్బుకు ఆనుకుని ఉండాలి. కేపిలరీని కట్టిన రబ్బరు బ్యాండు నూనెకు బాగా పైన ఉంచండి. వేడికి నూనె మట్టం పెరిగి తాకిందంటే రబ్బరు ఉబ్బి కేపిలరీ జారిపోతుంది. కార్కుకు పక్కన గాడి తప్పనిసరి. మూసిన గొట్టాన్ని వేడిచేస్తే పగులుతుంది.

మీరు "కదలిక" అన్నది పొడి కుంచించుకుని గోడ నుంచి విడిపోవడం కావచ్చు. దాన్ని మొదలుగా తీసుకోకూడదు. మొదటి ద్రవపు చుక్క స్పష్టంగా కనిపించినప్పుడు ఒక అంకె, చివరి స్ఫటికం మాయమైనప్పుడు ఇంకో అంకె. రెండూ రాయాలి.

ప్రశ్న అడిగినవారు

రాత్రంతా డెసికేటర్‌లో ఉంచి, 3 మి.మీ. నింపి, నిమిషానికి ఒకటిన్నర డిగ్రీ వేగంతో చేశాను. 120.5 నుంచి 121.5 వచ్చింది. నూనె మట్టం థర్మామీటరు 40 గీత దగ్గర ఉంది. ఇంకా ఒక డిగ్రీ తక్కువే కదా?

జవాబు 3

రేంజి ఒక్క డిగ్రీకి దిగిందంటే పదార్థం బాగానే ఉంది, ఇక చూడాల్సింది థర్మామీటరు. అది పాదరసం అంతా మునిగేలా గీతలు గీసినదైతే, నూనె బయట ఉన్న స్తంభం చల్లగా ఉండి రీడింగు తగ్గుతుంది. సవరణ ఇలా: 0.00016 × బయటి స్తంభం పొడవు డిగ్రీల్లో × (రీడింగు − బయటి స్తంభం సగటు ఉష్ణోగ్రత). మీ లెక్కలో బయట ఉన్నది 121 − 40, అంటే 81. ఆ స్తంభం నడుమ ఇంకో చిన్న థర్మామీటరు ఆనించి చూడండి. అది 35 అనుకుంటే 0.00016 × 81 × 86, దాదాపు 1.1 డిగ్రీ. కలిపితే 121.6 నుంచి 122.6. కాడ మీద మునక గీత ఉంటే మాత్రం అక్కడిదాకా ముంచాలి, ఈ సవరణ కలపకూడదు.

ఇంకా మంచి దారి, శుద్ధమైన నాఫ్తలీన్ 80, ఎసిటనిలైడ్ 114, సాలిసిలిక్ ఆమ్లం 159 ఇదే అమరికలో చూసి, తేడాలతో గ్రాఫు గీసుకోవడం. ఆ గ్రాఫు వాడితే పై సవరణ మళ్లీ కలపొద్దు, ఒకే తప్పును రెండుసార్లు దిద్దినట్టవుతుంది.

జవాబు 1

అంకె కుదిరినంత మాత్రాన అది బెంజోయిక్ ఆమ్లమేనని తేలదు. యూరియా, సిన్నమిక్ ఆమ్లం రెండూ 133 దగ్గరే కరుగుతాయి, కలిపితే మాత్రం చాలా కిందే కరగడం మొదలవుతుంది. అందుకే మీ పొడి ఒకటి, శుద్ధమైన బెంజోయిక్ ఆమ్లం ఒకటి, రెండూ సమానంగా కలిపి నూరినది ఒకటి, మూడు కేపిలరీలు ఒకే బల్బుకు పక్కపక్కన కట్టి చూడండి. మూడూ ఒకేసారి కరిగితే పదార్థం అదే. మిశ్రమం ముందే చెమ్మగిల్లితే మీ దగ్గర ఉన్నది వేరేది.