వారంటీలో ఉన్న బండి: షోరూమ్‌లో సర్వీసింగ్ చేయించాలా, ఇంట్లో చేసుకోవాలా?

ఖమ్మం బాటసారి:
నాది 160 సీసీ బీఎస్6 (కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైన) బండి. ఉచిత సర్వీసులు అయిపోయాయి కానీ కంపెనీ వారంటీ ఇంకా ఉంది. మా ఊరి నుంచి పట్నంలోని షోరూమ్‌కు వెళ్లి, పొద్దున బండి అప్పగించి, సాయంత్రం దాకా ఎదురుచూస్తే ఆ రోజు పని మొత్తం పోతుంది. పోయినసారి బిల్లులో చైన్ శుభ్రం చేసి ఆయిల్ పెట్టినట్టు రాశారు. ఇంటికి వచ్చి చూస్తే వెనుక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్ల సందుల్లో పాత బురద అట్టకట్టి అలాగే ఉంది. ఇటువంటి పనులకు డబ్బు కట్టడం కంటే సొంతంగా నేర్చుకోవడం మేలనిపిస్తోంది. అయితే దానివల్ల వారంటీ పోతుందేమోనన్న భయమూ ఉంది. అనుభవం ఉన్నవారు ఏది ఇంట్లో చేసుకుంటున్నారో, ఏది షోరూమ్‌కు వదులుతున్నారో చెప్పగలరా?

గోదావరి గట్టు:
నేను కొన్నేళ్లు ఒక షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను కాబట్టి కౌంటరు లోపలి వైపు నుంచి చెబుతాను. వారంటీ పుస్తకం చివరి పేజీలను ఒకసారి నిదానంగా చదవండి. షెడ్యూల్ సర్వీసులన్నీ అధీకృత కేంద్రంలోనే, అదీ నిర్ణీత కిలోమీటర్లు లేదా నిర్ణీత రోజులు, వీటిలో ఏది ముందు వస్తే అప్పటికి చేయించాలన్న షరతు చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. మన వాళ్లు కిలోమీటర్లు చూసుకుంటారు గానీ రోజుల లెక్క మరిచిపోతారు. ఇంజిన్‌లో పెద్ద లోపం వచ్చి క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ మొదట చూసేది ఆ సర్వీస్ చరిత్రనే. అందుచేత వారంటీ ఉన్నంత కాలం షెడ్యూల్‌లో ఉన్న ఆయిల్ మార్పును షోరూమ్‌లోనే చేయించమని నా సలహా.

చైన్ శుభ్రం చేసి ఆయిల్ పెట్టడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఎయిర్ ఫిల్టర్ మీద దుమ్ము ఎంత పేరుకుందో తీసి చూడటం, క్లచ్ కేబుల్ ప్లే (లివర్ దగ్గర ఉండే వదులు) సరిచేసుకోవడం వంటివి యజమాని చేసుకోవలసినవేనని కంపెనీల మాన్యువల్ కూడా చెబుతుంది. వీటివల్ల వారంటీకి వచ్చే ప్రమాదం లేదు.

షోరూమ్‌లో ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి. "మలుపులో ముందు బ్రేకు పట్టినప్పుడు కీచుమంటోంది" అన్నట్టు మీ మాటల్లోనే రాయించండి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని కూడా అందులోనే రాయించండి. కార్డు మీద స్పష్టంగా రాసి ఉన్న ఫిర్యాదును మెకానిక్ దాటవేయడం కష్టం.

రాణిగంజ్ రెంచ్:
గట్టు గారి మాట వారంటీ ఉన్నన్నాళ్లకు సరైనదే. అది ముగిశాక మాత్రం ఆయిల్ మార్పుకు షోరూమ్ అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పనిలో ప్రతి దశా కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది.

ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేయండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి మడ్డి లోపలే నిలిచిపోతుంది, మరీ వేడెక్కితే చేయి కాలుతుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా నిలిపి, డ్రెయిన్ బోల్టును రింగ్ స్పానర్‌తో వదులు చేసి, చివరి చుట్లు వేళ్లతో తిప్పండి. వచ్చిన ఆయిల్‌లో వేళ్లు ముంచి వెలుతురులో రుద్ది చూడండి. సన్నటి బూడిదరంగు మెరుపు సహజం, గోరుకు తగిలేంత లోహపు ముక్కలు ఉంటే మాత్రం అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి. బోల్టు కింది వాషరును ప్రతిసారీ కొత్తది వేయాలి. బిగించేటప్పుడు చాలా చిన్న బళ్లకు 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) చాలు. మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజిన్ కేసు అల్యూమినియం కాబట్టి బలంగా బిగిస్తే మర ఊడిపోతుంది, ఆ రిపేరుకయ్యే ఖర్చు ఎన్నో సర్వీసుల ఖర్చుతో సమానం. అందుకే స్పానర్ సెట్ కంటే ముందు టార్క్ రెంచ్ కొనమని అందరికీ చెబుతాను.

ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని తెలిపే ప్రమాణం) అని ఉందో లేదో చూడండి. మన బళ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఘర్షణ తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఎక్సిలేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి లాగదు. చాలా బళ్లలో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి మట్టం చూడాలన్న సంగతి కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. తిప్పి చూస్తే మట్టం ఎక్కువగా కనిపించి ఆయిల్ తక్కువ పోస్తారు.

సాగరతీర సవారీ:
మాది విశాఖ. ఉప్పుగాలికి ఇక్కడ చైన్, స్పోకులు, డిస్క్ బ్రేకు కాలిపర్ పిన్నులు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి మైదాన ప్రాంతాల వారి కంటే తరచుగా చూసుకోవలసి వస్తుంది. చైన్, ప్లగ్, బ్యాటరీ టెర్మినల్స్, బ్రేక్ ప్యాడ్ల మందం నేనే చూసుకుంటాను. ప్యాడ్ మీద గాడి చెరిగిపోయిందంటే మార్చవలసిందే.

కానీ బ్రేకు ద్రవం జోలికి మాత్రం నేను వెళ్లను. డాట్ 4 ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే సుమారు రెండేళ్లకోసారి మార్చమంటారు. ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో బ్రేకు ద్రవం ఒత్తిడిని నియంత్రించే మాడ్యులేటర్‌లోకి గాలి చేరితే దాన్ని తీయడానికి కొన్ని మోడళ్లకు కంపెనీ స్కానర్ (బండిలోని కంప్యూటరుకు తగిలించే పరికరం) కావాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కనుక బాటసారి గారి బండికీ ఇది వర్తిస్తుంది. ఇంజిన్ గుర్తు పసుపు దీపం ఆగకుండా వెలిగినా అంతే. లోపం కోడ్ చదవకుండా సెన్సార్లు విప్పడం గుడ్డిగా వెతకడమే అవుతుంది.

ఒంగోలు పాతబండి:
మీరంతా రెండు దారులే చెబుతున్నారు. మూడోది మన వీధి మెకానిక్. నా కార్బురేటర్ బండికి ట్యాపెట్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండవలసిన సన్నటి సందు) సరిచేయడం ఇన్నేళ్లుగా ఆయన చేతి మీదే జరుగుతోంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, పొద్దున్నే ఫీలర్ గేజ్ పెట్టి, సన్నటి రేకు కొద్దిగా పట్టుగా జారేదాకా ఓపికగా సరిచేస్తారు. పక్కనే కూర్చుని చూడనిస్తారు, అడిగితే చెబుతారు. నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే. వారంటీ తీరిన, స్కానర్ అవసరం లేని బళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనిపించదు. స్పేర్లు మాత్రం కంపెనీవే కొని తీసుకెళ్లి ఇవ్వండి. బ్రేక్ షూలలో నకిలీ సరుకు చాలా తిరుగుతోంది.

ఖమ్మం బాటసారి:
అందరికీ ధన్యవాదాలు. షెడ్యూల్ సర్వీసు, బ్రేకు ద్రవం షోరూమ్‌కు, మిగిలిన చిన్న పనులు నాకు అని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు. చైన్ ఎంత వదులుగా ఉండాలి? బిల్లులో రాసిన పని చేయకపోతే ఎక్కడ చెప్పుకోవాలి?

రాణిగంజ్ రెంచ్:
చైన్ కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే, మీ తరహా బళ్లకు సాధారణంగా 25 నుంచి 35 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. ఖచ్చితమైన అంకె స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) స్టిక్కరు మీద ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటును లెక్కలోకి తీసుకోండి. ఇరువైపులా గుర్తులు సమానంగా ఉంచి యాక్సిల్ నట్ బిగించండి. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌ను కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగండి. పెట్రోలు, ఇనుప బ్రష్ రెండూ రింగులను పాడుచేస్తాయి.

గోదావరి గట్టు:
ముందు సర్వీస్ మేనేజరుకు, తరువాత కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్ కార్డు, బిల్లు, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా పంపండి. అక్కడ పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ (కంపెనీలు రిపేరు వివరాలు ఉంచే) పోర్టల్‌లో వాహనాల విభాగం కూడా ఉంది. మీ కంపెనీ వివరాలు అందులో పెట్టిందేమో చూడండి. ఇకమీదట బండి బయటికి తీసేముందు అడ్వైజరును పక్కన నిలబెట్టుకుని, స్ప్రాకెట్ కవరు దగ్గర టార్చి వేసి చూశాకే బిల్లు మీద సంతకం చేయండి.