గేముల్లో పాత్రలు పైకి చెప్పని బాధ మీకు ఎక్కడ దొరికింది? (కథలు బయటపడతాయి, ఆడని వాళ్లు జాగ్రత్త)

సీతమ్మధార_సోఫా

మొన్న ఆదివారం ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం రెండోసారి పూర్తిచేశాను (అంటురోగంతో లోకం కూలిపోయాక జోయెల్ అనే పెద్దాయనా, ఎల్లీ అనే పిల్లా కలిసి చేసే ప్రయాణం). మొదటిసారి ఆడింది 2014లో, పీఎస్3 (ప్లేస్టేషన్ 3) మీద. సగంలో ఉండగా హుద్‌హుద్ తుఫాను వచ్చిపడింది. అక్టోబర్ 12 తర్వాత వీధుల్లో కరెంటు కోసం ఎలా ఎదురుచూశామో వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కరెంటు వచ్చాక మిగతాది హడావుడిగా లాగించేశాను, కథ తెలిస్తే చాలని.

ఈసారి పక్కన మా అక్క కూర్చుంది. అక్కకి గేములంటే పడదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూస్తూ ఉంది, అంతే. చివరి సీన్లో జోయెల్ ఓ అబద్ధం చెప్తాడు, అది నిజమేనని ఎల్లీ ఒట్టు వెయ్యమంటుంది, జోయెల్ వేస్తాడు, ఆ పిల్ల కాసేపు ఆగి 'ఓకే' అంటుంది. "నమ్మింది పాపం" అన్నాను. "నమ్మలేదురా, నమ్మినట్టు ఉండిపోదాం అనుకుంది" అంది అక్క. ఎలా చెప్తున్నావంటే, "ఆ మాటకి ముందు ఆయన చేతి వాచీ ఎందుకు తడుముకున్నాడు మరి?" అని ఎదురడిగింది.

ఏ వాచీ అన్నాను నేను!

రెండుసార్లు ఆడినవాణ్ణి నేను, చిక్కుళ్లు వొలిచింది ఆవిడ. కంట్రోలర్ చేతిలో ఉన్నవాడికి తూటాలు ఎన్ని మిగిలాయో కనపడుతుంది గానీ ఎదుటివాడి చెయ్యి ఎక్కడుందో కనపడదని అప్పుడు తెలిసింది. మీకూ ఇలాంటివి తగిలుంటే రాయండి. డైలాగుల్లో చెప్పేసినవి వద్దు, చూస్తే తప్ప తెలియనివి కావాలి.

గాజువాక_గన్నర్

ఏటి గురూ, ఆ వాచీ నీకిప్పుడా కనపడింది! మొత్తం గేమే ఆ వాచీ మీద ఉంటే.

మొదట్నించీ సెప్తాను విను. పుట్టినరోజు రాత్రి కూతురు సారా ఇస్తాది వాచీ. జోయెల్ "బాగుంది గానీ ఆగిపోయినట్టుందే" అని ఏడిపిస్తాడు. పిల్ల కంగారుపడి చూస్తాది. ఆటపట్టించడం అన్నమాట. అదే రాత్రి ఆ పిల్ల పోతాది. తర్వాత ఇరవై ఏళ్లు దాటిపోయి బోస్టన్‌లో చూస్తే అదే వాచీ, అద్దం పగిలిపోయి, నిజంగానే ఆగిపోయి, అదే చేతికి. ఎల్లీ "నీ వాచీ పాడైపోయింది" అంటే పలకడు. వేళాకోళానికి అన్నమాట నిజమైపోయి చేతికి అంటుకుపోనాది. దాని గురించి గేములో ఎవుడూ పెద్దగా మాటాడడు. నేను మూడోసారి ఆడినప్పుడు పట్టుకున్నాను, అప్పుడు ఆ రాత్రికి ఇంక ఆడలేదు.

మీ అక్కగారికి నా నమస్కారం చెప్పు.

గజ్జెలమూట

నేను గేములు ఆడను. ఎంవీపీ కాలనీలో పిల్లలకి కూచిపూడి నేర్పుతాను. మా అబ్బాయి ఈ చర్చ చూపించి "అమ్మా, నువ్వు రోజూ అనే మాటే" అన్నాడు, అందుకని రాస్తున్నాను.

చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు, చూపు ఎటు వెళ్తే మనసు అటు, అని మా దగ్గర మొదటి ఏడాది పిల్లలకే చెప్తాం. అక్కగారు చేతిని చూసి మనసు పట్టుకున్నారంటే అందులో వింతేమీ లేదు. కాకపోతే మాకు ఇంకో లెక్క కూడా ఉంది. సాత్విక భావాలని ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారిపోవడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు బొంగురుపోవడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. కనుబొమ్మ ఎగరెయ్యడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇవి అలా కాదు, లోపల నిజంగా ఏదో కదిలితేనే ఒంటి మీదకి వస్తాయి. అందుకే దాచుకున్న బాధ ఎక్కడ ఉందో చూడాలంటే నేను మొహం వదిలేసి వీటిని వెతుకుతాను.

మా వాడు ఆడుతుంటే ఒకటి చూశాను. గుర్రం మీద తిరిగే కుర్రాడు, చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి కొండంత ప్రాణుల్ని ఒక్కొక్కదాన్నీ చంపుతాడు. పదహారట. ఆ కుర్రాడు పెద్దగా మాట్లాడడు, ఏడవడు. కానీ చంపుతున్న కొద్దీ రంగు పాలిపోతూ వచ్చాడు, జుట్టు నల్లబడింది, మొహం మీద నల్లటి చారలు. "వీడికేదో అవుతోంది నానా, ఆపించు" అన్నాను. మా వాడు "ఏమీ కాలేదమ్మా, అలానే ఉన్నాడు" అన్నాడు! రోజూ చూసేవాళ్లకి తెలియదు కాబోలు. అది వైవర్ణ్యం. చేస్తున్నది తప్పని అతని ఒళ్లు చెబుతోంది, అతను చెప్పడు.

ఉక్కునగరం_బి_షిఫ్ట్

టీచరు గారూ, అది షాడో ఆఫ్ ద కొలోసస్, 2005 నాటిది. మీరు ఒక్క చూపులో పట్టేశారు. నాకైతే చివర్లో కొమ్ములు మొలిచేదాకా ఏమీ తట్టలేదు.

కంచరపాలెం_కట్స్

అందరూ కరిగిపోతున్నారు కాబట్టి కాస్త చన్నీళ్లు చల్లుతాను. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. అప్పగింతల టైముకి సగం మంది పెళ్లికూతుళ్లు ఏడవరండీ. తెల్లవారుజాము ముహూర్తం, రాత్రంతా నిద్ర లేదు, మొహంలో ఏమీ ఉండదు, ఖాళీ. ఆ ఖాళీ మొహం తర్వాత తండ్రి కండువాతో కళ్లు ఒత్తుకునే షాట్ పెట్టి కింద సన్నాయి వేస్తే, చూసినవాళ్లు "పిల్ల ఎంత కుమిలిపోయిందో" అంటారు. అదే షాట్ తర్వాత బంతిలో పులిహోర వడ్డిస్తున్నది పెడితే "పాపం ఆకలేస్తోంది" అంటారు. మొహం అదే. వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఇదే చేసి చూపించాడు: ఒకే నటుడి మొహం, పక్కన సూపు గిన్నె, శవపేటిక, అమ్మాయి. జనం మూడు రకాల నటన చూశామన్నారు.

కాబట్టి గేములో మీరు 'చదివిన' బాధలో మీ సొంతది ఎంత అని అడుగుతాను. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ సెవెన్ గుర్తుందా? నడిచేటప్పుడు మనుషులకి నోళ్లే ఉండవు, చేతులు ఇటుకల్లా ఉంటాయి. తల దించడం, తల అడ్డంగా ఊపడం, అంతే. దానికే నా ఈడు వాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. ఆ బాధ ఇటుకల్లో ఉందా, మనలో ఉందా?

ఒక్క హెల్‌బ్లేడ్ (2017) విషయంలో మాత్రం నోరు మూసుకుంటాను. అందులో హీరోయిన్ సెనువా మనవైపు సూటిగా చూసినప్పుడు నేను నిజంగా కుర్చీలో వెనక్కి జరిగాను. ఆ పాత్ర చేసిన మెలీనా యుర్గెన్స్ ఆ స్టూడియోలో వీడియో ఎడిటరే. నటిని వెతికేలోపు పరీక్షల కోసం నిలబెడితే, చివరికి ఆవిడే సెనువా అయిపోయింది, బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. మా ఎడిటర్ల జాతి మనిషి కదా అని చిన్న గర్వం.

కీఫ్రేమ్_కూలీ

కట్స్ గారి అనుమానం సగం నిజం. నేను యానిమేషన్‌లోనే కూలి చేస్తాను (మన ఊళ్లోనే, ఇంటి నుంచే). మీరు భావం అనుకునే వాటిలో చాలా మటుకు మా తప్పులు. పెద్ద ఓపెన్ వరల్డ్ (ఇష్టమొచ్చినట్టు తిరిగే) గేముల్లో సంభాషణలు వేలల్లో ఉంటాయి. అన్నీ ఎవరు చేస్తారు? చేతులు కట్టుకోవడం, నడుం మీద చెయ్యి, తల గోక్కోవడం, ఇలా ముందే చేసిపెట్టిన కదలికల సంచీ ఒకటి ఉంటుంది, దాంట్లోంచి తీసి అతికిస్తారు. ఊరిపెద్ద మీతో మాట్లాడుతూ చూపు పక్కకి తిప్పాడంటే ఏదో దాస్తున్నాడని కాదు. కళ్లు దేన్ని చూడాలో చెప్పే చోట ఎవరో తప్పు పాయింట్ పెట్టారు.

మరి ఏది నమ్మాలి? నా లెక్క ఒకటే: ఖర్చు. దేనికోసం ఎవరో కూర్చుని అదనంగా పని చేశారో అది కావాలని పెట్టింది. మనిషి మొహాన్ని కథ నడుస్తుండగా మార్చాలంటే రెండో తోలు, మూడో తోలు తయారు చెయ్యాలి. ప్రతి సీన్లో గడ్డం, టోపీ, గాయాలతో కలిపి అన్నీ సరిగా కూర్చుంటున్నాయో లేదో మళ్లీ చూడాలి. సరదాకి ఎవరూ ఆ పని పెట్టుకోరు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 (2018)లో హీరో ఆర్థర్‌ని చూడండి, దొంగల ముఠా మనిషి. అప్పు వసూలుకి వెళ్లి ఒక రోగిష్టి మనిషిని కొడతాడు, ఆ మనిషి దగ్గుతూ ఇతని మొహం మీద నెత్తురు చిమ్ముతాడు. క్షయ. డాక్టరు ఆ మాట చెప్పేలోపే దగ్గు మొదలవుతుంది, తర్వాత బుగ్గలు లోపలికి పోతాయి, కళ్ల చుట్టూ ఎర్రబారుతుంది. ఆర్థర్ పైకి మాత్రం అదే మొరటు మాట.

నన్ను పట్టుకుంది మాత్రం అది కాదు, అతని డైరీ. మనుషుల దగ్గర రెండు ముక్కలు మాట్లాడని వాడు డైరీలో పిట్టలు, లేళ్లు, చర్చీలు ఎంత ఓపిగ్గా గీస్తాడో! ఆర్థర్ పోయాక ఆ డైరీ అదే ముఠాలోని జాన్ చేతికి వస్తుంది. జాన్ కూడా గీస్తాడు. చిన్నపిల్లల గీతల్లా ఉంటాయి. పేజీ తిప్పగానే కనపడే ఆ తేడా ఒక్కటి చాలు, మనిషి లేడని తెలియడానికి. ఆ పిచ్చిగీతల్ని కూడా ఒక మంచి ఆర్టిస్టు కూర్చుని కావాలని చెడగొట్టి గీసి ఉంటాడు. అది ఖర్చంటే.

లోన్ల_సెక్షన్

ఎల్.ఎ. నోయిర్ (2011) ఎవరూ ఎత్తలేదేం? మొహాలు చదవడమే ఆట అందులో. నటుడి చుట్టూ 32 కెమెరాలు పెట్టి తల మొత్తం పట్టేశారు. అనుమానితుడు మాట్లాడతాడు, నిజమా, అనుమానమా, అబద్ధమా మనం తేల్చాలి.

నేను బ్యాంకులో అప్పుల కాగితాలు చూసే పనిలో పందొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఇరగదీస్తాననుకుని కూర్చున్నాను. వరసగా అన్నీ తప్పు! ఎందుకంటే ఆ గేములో అబద్ధం చెప్పేవాడు పక్కకి చూస్తాడు, గుటక మింగుతాడు, పెదవి తడుపుకుంటాడు. నా టేబుల్ ముందు అబద్ధం చెప్పేవాడు కళ్లలోకి సూటిగా చూసి, నవ్వి, మా అమ్మాయి చదువు గురించి అడుగుతాడు. గుటకలు మింగేది నిజం చెప్పే పేదవాడు. నేను ఆ లెక్కన ఆడి అమాయకుల్ని వదిలేశాననుకుంటే వాళ్లే నేరస్థులు. 2017లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ మూడు మాటలూ మార్చారు, మంచి పోలీసు, చెడ్డ పోలీసు, నింద అని. మొహాలు మాత్రం అవే.

ఉక్కునగరం_బి_షిఫ్ట్

సార్, మీ బ్యాంకు ఏదో చెప్పకండి గానీ మా అప్లికేషన్ ఇంకా పెండింగులోనే ఉంది 😀

నాది జర్నీ (2012). మొహమే లేదు ఇందులో, రెండు కళ్లూ ఒక ముసుగూ. మాట లేదు, పేరు లేదు. మెడకి ఓ ఉత్తరీయం ఉంటుంది, అది ఎంత పొడుగుంటే అంతసేపు ఎగరగలం. నాకు ఆన్‌లైన్‌లో ఎవరో తగిలారు, ఏ దేశమో తెలియదు. చివర్లో మంచుకొండ. ఉత్తరీయం గడ్డకట్టి కురచైపోతుంది, నడక నెమ్మదిస్తుంది. ఒకళ్లకొకళ్లు ఆనుకుంటే మళ్లీ కాస్త వెలుగొస్తుంది. నేను ఒకచోట వెనకబడ్డాను. ఆ ముందు మనిషి ఆగి, వెనక్కి దిగొచ్చి, పక్కన నిలబడ్డాడు. కదలకుండా.

నైట్ షిఫ్ట్ దిగొచ్చి ఆడుతున్నా, పొద్దున్న ఏడున్నర, బయట పాలవాడి గంట. ఆ నిలబడటంలో ఏముందో నేనింత వరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. కట్స్ గారూ, ఇది ఏ ఎడిటింగూ కాదు. అక్కడ నిజంగా ఒక మనిషి ఉన్నాడు.

కంచరపాలెం_కట్స్

ఒప్పుకుంటున్నా. దీనికి నా దగ్గర జవాబు లేదు.

అడివివరం_నుంచి

గాడ్ ఆఫ్ వార్ 2018. మొదట్లోనే లేడి వేట అయ్యాక హీరో క్రేటోస్ తన కొడుకు వీపు మీద చెయ్యి వెయ్యబోతాడు. చెయ్యి గాల్లో ఆగుతుంది. వెనక్కి తీసేసుకుంటాడు. పిల్లాడికి తెలియదు. మా నాన్న గుర్తొచ్చాడు, అంతకంటే రాయను.

ఆ చేతులకే కట్లుంటాయి చూడండి. పాత గేముల్లో కత్తుల గొలుసులు కాలిన మచ్చలు దాచుకోవడానికి. చివర్లో యోటున్‌హైమ్‌లో (రాక్షసుల లోకం) విప్పి వదిలేస్తాడు. మేం సింహాచలం కొండ కింద ఉంటాం. అప్పన్న ఏడాదంతా చందనంలోనే, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ కట్లు విప్పుతుంటే మా ఇంట్లో అందరం దణ్ణం పెట్టబోయాం, నవ్వకండి.

గాజువాక_గన్నర్

నవ్వలేదు బావూ. కొంచెం నవ్వాను.

సైలెంట్ హిల్ 2 (2001) ఆడినోళ్లు ఎవరైనా ఉన్నారా? చనిపోయిన పెళ్లాం రాసిన ఉత్తరం పట్టుకుని వస్తాడు కదా జేమ్స్. మధ్యమధ్యలో సామాన్లలోకి ఎళ్లి ఆ ఉత్తరం తెరిచి చూడండి. ఒక దగ్గర్నించి కాగితం మీద అక్షరాలుండవు. ఇంకాస్త ఆగితే కాగితమే ఉండదు. గేము ఒక్క ముక్క చెప్పదు. తెరిచి చూసినోడికే తెలుస్తాది. నేను పాత సేవ్ ఫైల్ పాడైందేమో అని మళ్లీ మొదట్నుంచి ఆడినాను, బుద్ధిలేక.

కీఫ్రేమ్_కూలీ

అది ఖర్చు లెక్కలో మొదటి మార్కు.

రుషికొండ_రీస్టార్ట్

చర్చకి సంబంధం లేదు గానీ, బీచ్ పక్కన ఉంటే కంట్రోలర్ బటన్ల కింద ఉప్పు చేరి ఎడమ స్టిక్ దానంతటదే పోతోంది. నా పాత్ర సీరియస్ సీన్ల ముందు గోడకేసి నడుస్తూ ఉంటుంది. నేను చాలాకాలం అదేదో మనోవేదన అనుకున్నాను. జగదాంబ వైపు బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సీతమ్మధార_సోఫా

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అక్కతో ఆ చివరి సీన్ శబ్దం ఆపేసి మూడుసార్లు చూశాం. ఎంత కష్టమైనా ఏదో ఒకదాన్ని పట్టుకుని బతకాలని జోయెల్ చెప్తూ వాచీ మీదకి చెయ్యి పోనిస్తాడు. ఎల్లీకి ఇంకో కూతురి కథ చెప్తున్నాడని ఆ చెయ్యి చెబుతోంది. ఆ పిల్ల కళ్లు 'ఓకే'కి ముందు ఒకసారి కిందకి దిగి మళ్లీ పైకి వచ్చాయి. నేను అక్క పార్టీలోకి మారిపోయాను.

అసలు సంగతి తర్వాత జరిగింది. "ఓసారి నాకివ్వరా, నేనూ ఆడతాను" అని అక్క కంట్రోలర్ లాక్కుంది. మొదట్నుంచి మొదలుపెట్టింది. ఇప్పటికి రెండు రాత్రులయింది, మొదటి క్లిక్కర్ (రోగం ముదిరి కళ్లు పోయిన మనిషి) దగ్గర పదకొండుసార్లు చచ్చిపోయింది. చిక్కుళ్లు నేను వొలుస్తున్నాను.

గజ్జెలమూట

బోస్టన్ దాటారా? ఎల్లీ వాచీ గురించి అన్నప్పుడు అక్కగారు ఏమన్నారు?

సీతమ్మధార_సోఫా

అడిగానండీ. తెర మీంచి కళ్లు తిప్పకుండా "ఏ వాచీ? ఉండరా, తూటాలు రెండే ఉన్నాయి" అంది.